స్టాక్ గది తలుపు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం 10:41. ఇలినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో, ఇంకా తెరవని గంజాయి దుకాణంలో స్టాక్ గది తలుపు తీయమని రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ యజమానిని అడిగాడు. యజమాని వెర్లీన్ టిబ్స్ తీయనంది.

వెర్లీన్‌కి యాభై మూడేళ్లు. వృద్ధాశ్రమం వంటగదిలో గంటకి పదహారున్నర డాలర్లకి పని చేస్తుంది. 2006లో ఆమె కారు డిక్కీలో తమ్ముడు దాచిన గంజాయి దొరికింది. పద్నాలుగు నెలలు జైల్లో ఉంది. తర్వాత అదే సరుకు అమ్మకం చట్టబద్ధమైంది. అలా శిక్ష పడ్డవాళ్లకి సగానికి పైగా వాటా ఉన్న వ్యాపారాలకి లైసెన్సు ముందు ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. శిక్ష వెర్లీన్‌కి ఉంది. డబ్బు గ్రాంట్ ఆస్ట్రాండర్ అనే పెట్టుబడిదారుడికి ఉంది. కాగితం మీద ఆమె వాటా నూటికి యాభై ఒకటి. ఒప్పందం రెండు వందల పేజీలు. ఆస్ట్రాండర్ కారు ముందు సీట్లో కూర్చుని, పసుపు చీటీలు అంటించిన చోటల్లా సంతకాలు పెట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. నెలకి రెండు వేల డాలర్లు ఇస్తానన్నాడు. ఇస్తున్నాడు.

ఆ ఉదయం షిఫ్టు వదులుకుని తొమ్మిదిన్నరకే వచ్చింది. కౌంటర్ దగ్గర పనికి కుదిరిన మేనకోడలు షానీస్ అద్దాలు తుడుస్తోంది.

“అత్తా, ఎనిమిది గంటలూ నిలబడే ఉండాలంట. యజమానివేగా, ఒక కుర్చీ వేయించు.”

“అడిగానే. కుదరదన్నాడు.”

“యజమానికి కుదరదని చెప్పేవాడెవడు?”

“నోర్మూసుకుని తుడువు,” అంది వెర్లీన్. ఇద్దరూ నవ్వారు.

పది గంటలకి ఆస్ట్రాండర్ కాఫీలతో వచ్చాడు. ఒక కప్పు ఆమె చేతికిచ్చాడు.

“తాగండి వెర్లీన్ గారూ. కప్పు చుట్టూ ఉన్న అట్ట మాత్రం పారెయ్యకండి.”

అట్ట మీద పెన్సిల్‌తో ఆరంకెలు రాసి ఉన్నాయి.

“స్టాక్ గది తలుపు మీ చేత్తోనే తియ్యమంటాడు ఇన్‌స్పెక్టర్. చూసి నొక్కెయ్యండి, అంతే.”

“మూడుసార్లు అడిగాను కదండీ ఈ నంబరు. మీకెందుకా తలనొప్పి అన్నారు.”

“ఇప్పుడిచ్చాగా.”

“రేపూ ఇదేనా?”

“సాయంత్రం మార్చేస్తాం. భద్రత కోసం.”

“ఎవరి భద్రత?”

ఆస్ట్రాండర్ మూత తీసి కాఫీ తాగాడు.

ఇన్‌స్పెక్టర్ పావ్‌లక్ పదింబావుకి వచ్చాడు. కెమెరాలు లెక్కపెట్టాడు. వెనక తలుపు గడియ లాగి చూశాడు. స్టాక్ గది ముందు ఆగాడు.

“యజమాని ఎవరు?”

“నేనేనండీ,” అంది వెర్లీన్.

“తలుపు తియ్యండి.”

“చలికి ఆవిడ వేళ్లు సరిగా పనిచెయ్యవు,” అన్నాడు ఆస్ట్రాండర్. “నేను తీస్తాను.”

“మిమ్మల్ని అడగలేదు సార్.”

వెర్లీన్ తాళం మీద అంకెల వైపు చూసింది. ఆస్ట్రాండర్ ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

“పద్దెనిమిది మంది ఉద్యోగాలు ఈ తలుపు మీద ఉన్నాయి. మీ మేనకోడలిది కూడా.”

షానీస్ చేతిలో గుడ్డ ఆగింది. వెర్లీన్ కప్పు కౌంటర్ మీద పెట్టింది.

“అయ్యా, అప్పట్లో పోలీసాయన డిక్కీ తియ్యమన్నాడు. తాళం చెవి నాదే, తీశాను. లోపలున్న సరుకు నాది కాదు. జైలుకి మాత్రం నేనే పోయాను. ఇప్పుడేమో లోపలున్నదంతా నాదేనంటున్నారు. నంబరు మాత్రం ఈ పొద్దున కప్పు మీద రాసిచ్చారు. సాయంత్రానికి మార్చేస్తారంట. నేను తియ్యను.”

పావ్‌లక్ కప్పు తిప్పి అంకెలు చూశాడు. ఫోన్‌తో ఫొటో తీశాడు.

“ఇది నేను రాయాలమ్మా. రాస్తే లైసెన్సు ఆగిపోవచ్చు. మిమ్మల్నీ విచారణకి పిలుస్తారు.”

“రాయండి.”

“అత్తా…” అంది షానీస్.

“నీ కుర్చీ సంగతి కూడా రాయించనా?”

షానీస్ నవ్వలేదు.

పావ్‌లక్ ఒక పేజీ నింపాడు. యజమాని తలుపు తీశారా అన్న గడిలో ‘లేదు’ అని రాశాడు. కాగితం, పెన్ను ఆమె ముందుకి జరిపాడు.

“సంతకం పెట్టకండి,” అన్నాడు ఆస్ట్రాండర్. “ముందు మా లాయర్ చూడాలి.”

వెర్లీన్ ఒక అట్టపెట్టె మీద కూర్చుంది. సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకుంది. పేజీ పైనుంచి కిందదాకా చదివింది. ఒక మాటకి అర్థం పావ్‌లక్‌ని అడిగింది. అతను చెప్పాడు. మళ్లీ మొదటినుంచి చదివింది.

10:58కి సంతకం చేసింది.