ఉయ్యాల రాట్నం

“నలభై మందికి పులిహోర మనదే అని సెప్పీసేను. నీకదేటి లెక్కలే” అన్నాడు మా ఆయన హరిబాబు, ఫోన్ పెట్టేశాక. ముందు మాటిచ్చేసి తర్వాత నాకు చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఉన్నదే. ఆదివారం ఒక్క పూట నడుం వాలుద్దామనుకున్నదాన్ని, తెల్లారకుండానే లేచి చింతపండు పిసుకుతూ, పోపు మాడకుండా చూసుకుంటూ, మధ్యమధ్యలో స్టవ్ పక్కకి ఒరిగిపోతుంటే దాని కాలి కింద చెక్క సర్దుతూ నిలబడ్డాను. ఆ చెక్క నేను కాపురానికొచ్చినప్పటినుంచీ వంటింట్లో తిరుగుతూనే ఉంది. జానెడు వెడల్పు, మధ్యలో అరిగిపోయిన గుంట. పొందూరులో ఉన్నప్పుడు నీళ్ల బిందె కింద ఉండేది, శ్రీకాకుళం మారాక స్టవ్ కింద చేరింది. అదేమిటో నేనెప్పుడూ అడగలేదు. నన్నే అడిగేవాళ్లు లేరు, ఇక చెక్కనేం అడుగుతాను?

పులిహోర ఎందుకంటే, పొందూరులో ఒక ఖద్దరు వ్యాపారి పాత మేడని ఆయన మనవడు ఆనంద్‌కుమార్ మ్యూజియం చేశాడు, ఆ ఆదివారమే దాని ప్రారంభం. ఆ ఊరి మనుషులు, వాళ్లు కనిపెట్టిన పనిముట్లు, పాత ఫొటోలు. మా అటక మీది రాట్నం కూడా అడిగి తీసుకెళ్లాడు. నూలు వడుకుతూనే ఉయ్యాల ఊపే ఏర్పాటు దానికుండేదని, ఉయ్యాల రాట్నం అంటే మా వీధిలో అందరికీ తెలుసని మా ఆయన గొప్పగా చెప్పాడు. దాని పక్కన పెట్టే అట్ట నేనే టైపు చేశాను. ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. అక్కడ నేను తయారుచేసే రిపోర్టుల కింద మా సారు సంతకం పెడతాడు, తప్పొస్తే మాత్రం “హేమగారేరీ?” అని పిలుస్తాడు. ఇంట్లో మా ఆయన గెడ్డం గీసుకుంటూ చెబుతుంటే ఆ అట్ట టైపు కొట్టాను. “భార్య పడే శ్రమ చూడలేక శ్రీ అప్పలసూరిగారు కనిపెట్టిన యంత్రం.” అప్పలసూరిగారంటే మా మావయ్య. పక్కగదిలోనే అత్త ఉంది. నిజమేనా అని ఒక్కమాట అడగొచ్చు. ఇంతలో కుక్కర్ కూత పెట్టింది, లేచి వెళ్లిపోయాను.

ఆటోలో పులిహోర గిన్నె నా ఒళ్లో, అత్త నా పక్కన. అత్త లక్ష్మణమ్మకి డెబ్బై ఆరేళ్లు. మావయ్య పోయి ఎనిమిదేళ్లయింది. పుట్టింది, కాపురం చేసింది పొందూరులోనే గనక దారిపొడుగునా అవి ఎవరి పొలాలో చెబుతూనే ఉంది. ఆమె కోసం మా ఆయన ఇస్త్రీ చేయించిన ఖద్దరు చీర కట్టించాను. తను కొత్త చొక్కా వేసుకున్నాడు, ఆ రోజు తనకి శాలువా కప్పుతారట.

మేడలో గోడల నిండా ఫొటోలు. వ్యాపారి, నేతగాళ్లు, పంచాయతీ పెద్దలు, ఒక్కొక్కరి కింద పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు. ఒక్క ఫొటోలో పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, దువ్వెనలాంటి పళ్లున్న వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నారు. కింద “నూలు పనిలో మహిళలు” అని రాసుంది. అత్త ఆ అద్దం మీద వేలు పెట్టి, “ఇదిగో మా సుభద్రమ్మ. దీని ఏకుల్లాగ మరెవులూ సెయ్యలేకపోయీవోరు” అంది. మిగతా తొమ్మిదిమంది పేర్లూ చెప్పింది. రాసుకోడానికి అక్కడెవరూ లేరు, నా చేతిలో పులిహోర గిన్నె.

చివరి గదిలో మా రాట్నం. దాన్ని తిప్పే పిడికి తాడు కట్టి, దూలం మీదుగా వేసి, ఉయ్యాలకి ముడేశారు. ఉయ్యాల్లో ప్లాస్టిక్ బొమ్మ. అత్త ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది.

“ఓలమ్మో, ఎవులు కట్టేరే ఇలాగ? పిడికి కడితే నూలు ఉంటాదేటి? ఉయ్యాల ఒక్క లాగు లాగితే పుటుక్కున తెగిపోతాది. సేతులు రెండూ నూలుకే కావాల. కాల్తో తొక్కీదాన్ని.”

“కాల్తోనా?”

“మరేటనుకున్నావు? తొక్కుడు సెక్క. తాడు దానికి కట్టీదాన్ని. ఆ సెక్క నీ పొయ్యి కిందే ఉన్నాది కదే.”

పొద్దున్న ఆ గుంటలో నేను వేలు పెట్టి చూశాను కూడా. అది మా అత్త మడమ అరగదీసిన గుంట. ఇన్నేళ్లూ దాని మీద పప్పులూ పులుసులూ ఉడకబెట్టాను. నాకు సిగ్గేసింది, చాలా సిగ్గేసింది.

“ఆ అట్ట మీద ఏటి రాసేరే? సదువు” అంది అత్త. ఆమెకి చదువు రాదు.

చదివాను. గొంతు తగ్గించి చదివినా వింది. నవ్వు ఆగిపోయింది.

“సూడ్లేకా?” అంది. “నిజవే. అరుగు మీద పేకాడీవోడు లోపల నన్నేటి సూస్తాడు? హరిగాడు పుట్టి రెండు నెల్లు. ఒకటే ఏడుపు. జరవొచ్చి నాను కూకోలేకపోతంటే, కూసింత ఊపు మావా అన్నాను. ఆడదాని పని నాకు సెప్తావేటే అన్నాడు. ఆ మద్దేన్నమే పీట కాళ్లు ఊడగొట్టి సెక్క సేసేను. ఎవులున్నారే ఊపీవోళ్లు?” రాట్నం చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. “ఇంతకీ ఇది ఎవులు రాసేరే?”

“నేనే అత్తా” అన్నాను.

నన్ను తిట్టినా బాగుండేది. చక్రం మీంచి చెయ్యి తీసేసింది. వెనకనుంచి మా ఆయన వచ్చాడు. “ఇప్పుడయ్యన్నీ ఎందుకే అమ్మా? నాయిన పేరైతేటి, నీ పేరైతేటి? ఇంటిపేరు ఒకటే గదా” అన్నాడు. అత్త తలూపి, “పోన్లేరా, ఎప్పటి మాటో” అంది. ఆ పోన్లే నాకు బాగా తెలుసు. రోజుకి పదిసార్లు నేనూ అంటాను. అన్నాక ఒళ్లు ఇంకాస్త బరువవుతుంది.

సభ మొదలైంది. నేను వెనక ఆకుల్లో పులిహోర పెడుతున్నాను. మా ఆయనకి శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. ఆనంద్‌కుమార్ మైకులో, “ఏ వస్తువు ఎవరిచ్చారో వాళ్లే దాని అట్ట చదివితే బాగుంటుంది” అన్నాడు. మా ఆయన నవ్వుతూ, “మా ఆవిడ సదువుతాదండి. గొంతు బాగుంటాది” అని నా వైపు చూపించాడు. ముందు మాటిచ్చేయడం అలవాటే కదా.

చేతులు నూనె నూనెగా ఉన్నాయి. పమిటకి తుడుచుకుని ముందుకెళ్లాను. అట్ట తెచ్చి చేతిలో పెట్టారు. మొదటి వరసలో అత్త, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన మా ఆయన, మెడ మీద శాలువా సర్దుకుంటున్నాడు. ఇంటికెళ్లాక ఏమంటాడో నాకు తెలుసు, ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉంటాడో కూడా తెలుసు. అలిసిపోయాను. ఎంత అలిసిపోయానంటే, ఇక భయపడడానికి కూడా ఓపిక లేదు.

అట్టని బల్ల మీద బోర్లించి, మైకు దగ్గరికి లాక్కున్నాను.

“ఈ అట్ట మీద నేను తప్పు టైపు చేశాను, దిద్దుకుంటున్నాను. దీని పేరు ఉయ్యాల రాట్నం. కనిపెట్టింది లక్ష్మణమ్మ, అదిగో ఆ కుర్చీలో కూర్చున్నావిడ. ఎందుకు కనిపెట్టిందంటే, ఆ ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఒకడుండీ, బిడ్డని ఊపేవాళ్లు లేక.”