రెండో వరస

అమలకు ఆరేళ్లప్పుడు, పోలియో వచ్చిన కాలికి ఇనుప పట్టీలు బిగించి మొదటిసారి నిలబెట్టినవాడు శాంతయ్య. అప్పుడాయన ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసేవాడు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి, పూతలపట్టు క్రాసు దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకుని 'నీడపట్టు' పెట్టాడు. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలను పొద్దున దిగబెడితే, వ్యాయామం చేయించి, అన్నం పెట్టి, నాలుగక్షరాలు చెప్పి సాయంత్రం పంపే చోటది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకీ ఇటుక బట్టీకీ పోయే తల్లులకు అదొక్కటే దిక్కు. అమల ఆయన చేతి కిందే పెరిగి, ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడామెకు నలభై దగ్గర పడుతున్నా ఆయన్ను నాయనా అనే పిలుస్తుంది.

ఆ నాయన అన్నీ మరిచిపోతున్నాడు.

మొదట పిల్లల పేర్లు తారుమారయ్యాయి. అలసట అనుకుంది. తర్వాత ఒకరోజు చిత్తూరు పోయొస్తానని బస్సెక్కినవాడు, ఎక్కడో తిరుపతి దాటి ఏర్పేడులో దిగి, టీ కొట్టువాడి చేత ఫోను చేయించాడు. అమల ఆటో మాట్లాడుకుని పోయేసరికి బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, బడి వదిలినా ఎవరూ రాని పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. డాక్టరు చెప్పిన జబ్బు పేరు ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగిన తల్లులకు "షుగరు ఎక్కువైంది" అంది. ఎందుకంటే దాతలు ఇచ్చేది నీడపట్టును చూసి కాదు, శాంతయ్య ముఖం చూసి. ఆ ముఖం వెనక మనిషి కరిగిపోతున్నాడని తెలిస్తే ఆ మర్నాడే తలుపులు మూసుకోవాలి.

తెలియకుండానే సగం మూతపడింది కూడా. విదేశాల నుంచి వచ్చే విరాళాలు ఆగిపోయాయి. దూరపు పిల్లలను తెచ్చే వ్యాను అమ్మేశారు. ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడు. అలాంటప్పుడు బెంగళూరులోని ఒక ఫౌండేషను, చిన్న స్వచ్ఛంద సంస్థలకు సామర్థ్యం పెంచుకోడానికి గ్రాంటు ఇస్తోందని తెలిసింది. అన్నానికీ అద్దెకూ ఇచ్చేది కాదది. సిబ్బందికి శిక్షణ ఇప్పించుకోవాలి, లెక్కలు సరిగ్గా రాసే మనిషిని పెట్టుకోవాలి, నాయకత్వంలో రెండో వరసను, అంటే పెద్దాయన తర్వాత నడిపేవాళ్లను, తయారు చేసుకోవాలి. అయినా అది వచ్చిందంటే ఇల్లుగలాయన గడువిస్తాడు, ఆ పేరు చూసి మిగతా దాతలూ ముందుకొస్తారు. అమల దరఖాస్తు పెట్టింది. మొదటి వడపోత దాటింది. ఇక మిగిలింది తిరుపతిలో ఇంటర్వ్యూ. వ్యవస్థాపకుడు తప్పకుండా రావాలన్నారు.

వారం పొడుగునా ఆమె ఆయనకు జవాబులు నేర్పింది. ఒకప్పుడు తనకు అడుగులు నేర్పినవాడికి ఇప్పుడు తను మాటలు నేర్పుతోంది.

"మీ తర్వాత ఎవరు సార్ అని అడిగితే ఏం సెప్తావు నాయనా?"

"అమల ఉండాది. అన్నీ దానికి నేర్పినాను."

"అంతే. ఇంకేం మాట్లాడొద్దు."

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన బాగానే మాట్లాడాడు. పాకాలలో టీ తాగాడు. అమల గుండె కాస్త కుదుటపడింది. చంద్రగిరి దాటాక ఆమె వైపు తిరిగి, "యాడికి పోతా ఉండాం మే?" అన్నాడు.

చెప్పింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగినప్పుడు ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. "నోరు మూసుకోని కూర్చో నాయనా!" అని అరిచేసింది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆయన తల వంచుకుని, చొక్కా బొత్తాం తిప్పుకుంటూ ఉండిపోయాడు. దేవుడా, ఈ ఒక్క గంట గట్టెక్కించు, తర్వాత నన్నేమైనా చెయ్యి అని అమల లోపల్లోపల మొక్కుకుంది.

ఫౌండేషను తరఫున ఇంటర్వ్యూ చేసేది కుముదవల్లి. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. మొదట పిల్లల గురించి అడిగింది. శాంతయ్య ముఖం వెలిగింది. బిగుసుకున్న మోకాలిని బలవంతంగా లాగకూడదనీ, ముందు వేడి కాపడం పెట్టి పిల్లను నవ్వించాలనీ చేతులతో చూపిస్తూ చెప్పాడు. కుముదవల్లి రాసుకోవడం ఆపి ఆయన్నే చూస్తూ వింది.

"చాలా సంతోషం సార్. ఇక అసలు విషయానికొద్దాం. రేపు మీరు లేకపోతే ఈ సంస్థను ఎవరు నడుపుతారు?"

శాంతయ్య అమల వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఆ చూపులో ఏదో ఆరిపోవడం ఆమెకు తెలిసింది. అందుకుని జవాబు చెప్పబోయింది. ఈలోగా ఆయన కుర్చీలోంచి లేచి, ఆమె ముందు నేల మీద చతికిలబడి, ఇనుప పట్టీలున్న కాలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం పాపా, నొస్తా ఉండాదా? మీ అమ్మ యాడికి పోయె? ఏడవద్దు, వదులు సేస్తా ఉండు."

పట్టీల తోలు బెల్టును వేళ్లతో వదులు చేయసాగాడు. ఆ వేళ్లు మాత్రం ఏదీ మరిచిపోలేదు.

అమల ఆయన భుజం మీద చెయ్యి వేసి, వెక్కి వెక్కి ఏడ్చింది.

కుముదవల్లి నీళ్లు తెప్పించింది. ఆయన్ను లేపి కూర్చోబెట్టింది. తర్వాత, "ఎన్నాళ్లుగా?" అని అడిగింది.

"రెండేండ్లయింది మేడం."

"దరఖాస్తులో ఆయనే రోజూ కేంద్రాన్ని నడుపుతున్నారని రాశారు."

"అట్ల రాయకుంటే మమ్మల్ని పిలిచేవాళ్లా మేడం?"

"ఏమో, చెప్పలేను. ఇలాంటి సమయంలో సంస్థ కూలిపోకుండా చూడడానికే ఈ గ్రాంటు పెట్టాం. నిజం రాసి ఉంటే నేను పైవాళ్లతో పోట్లాడి ఉండేదాన్నేమో. ఇప్పుడు నా చేతులు మీరే కట్టేశారు." ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి. కానీ ఫైలు మూసేసింది.

మర్నాడు పిల్లలను దిగబెట్టడానికి వచ్చిన తల్లులను అమల ఆపి, అంతా చెప్పింది. జబ్బు సంగతి, గ్రాంటు పోయిన సంగతి, ఇల్లు ఖాళీ చేయాల్సిన సంగతి. బిడ్డను చంకలో ఎత్తుకుని నిలబడ్డ మునిలక్ష్మి ముందుకొచ్చింది. ఇటుక బట్టీలో పనిచేసే మనిషి.

"వాళ్లకు సెప్పకపోతే పోనీలే. మాకెందుకు సెప్పలే అక్కా? సారు నీకొక్కదానికే నాయనా?"

అమల ఇన్నాళ్లూ తను నీడపట్టును కాపాడుతున్నాననుకుంది. ఈ రెండేళ్లలో ఒక్క తల్లికైనా పని నేర్పలేదు, ఒక్కరినైనా దగ్గరికి రానివ్వలేదు. రహస్యం బయటపడుతుందన్న భయంతో రెండో వరసను తనే లేకుండా చేసింది.

నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశారు. బోర్డు దించుతుంటే శాంతయ్య పక్కనే నిలబడి, "ఎవురిదమ్మా ఇది?" అని అడిగాడు.

ఇప్పుడు వారానికి మూడు పూటలు మునిలక్ష్మి ఇంటి రేకుల పంచలో పిల్లలు చేరుతున్నారు. సగం మంది కూడా రావడం లేదు. దూరపు పల్లెలవాళ్లకు వ్యాను లేదు, కూలి మానుకుంటే పూట గడవదు. వచ్చిన తల్లులకు అమల వ్యాయామం నేర్పుతోంది. నేర్చుకున్నవాళ్లు పక్కింటి పిల్లకూ చేయిస్తామంటున్నారు. అదెంతవరకు సాగుతుందో ఆమెకు తెలియదు.

నిన్న చాలా రోజుల తర్వాత మోక్షిత వచ్చింది. నీడపట్టులో గోడ పట్టుకుని పదడుగులు వేసిన పిల్ల. మోకాలు మళ్లీ కర్రలా బిగుసుకుపోయింది. అమల చాప మీద కూర్చుని, పిల్ల కాలు ఒళ్లోకి తీసుకుంది.

"కాపడానికి నీళ్లు పెట్టు మునిలక్ష్మీ. మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాల."