కొట్టేయకూడని మందులు

ఈరప్ప కాలి నరంలో రక్తం గడ్డకట్టి మా నర్సింగ్‌హోంలో చేరాడు. రెండువేల రెండు, వేరుశనగ చేతికి రాని ఏడు. ఉరవకొండ పక్క పల్లెలో ఆయన మాజీ సర్పంచి, మాట చెల్లే మనిషి. అలాంటి మనిషికి ఒక్క డాక్టరు సరిపోతాడా? పరామర్శకు వచ్చిన పెద్దమనుషులు పండ్లతో ఊరుకోలేదు. తమ పలుకుబడి కొద్దీ తలా ఒక డాక్టర్ని పంపించారు.

మా డాక్టరు రక్తం పలచబడే మాత్ర రాశాడు. అది సరైన మందే. మరునాడు ఎమ్మెల్యే అనుచరుడు పంపిన ఎముకల డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి నొప్పుల మాత్ర రాశాడు. సాయంత్రం మార్కెట్‌యార్డు చైర్మన్ పంపిన చర్మం డాక్టరు తామరకు ఇంకో మాత్ర రాశాడు. కేసుషీటులో ఒకరి కింద ఒకరు సంతకాలు పెట్టారు. పైన ఏం రాసుందో చదివితే పక్కవాడి ఉత్తరం విప్పినంత తప్పనుకున్నారేమో.

నేను చదివాను. ఇరవై ఏళ్ళుగా నర్సుని. ఆ మూడూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉందని మా డాక్టరుకి చెప్పాను.

"తెలుసులే వనజాక్షీ. ఆయప్ప ఎమ్మెల్యే తరఫున వచ్చినాడు. ఆయన రాసింది నేను కొట్టేస్తే ఏం బాగుంటాది? ఆయన్నే అడుగు."

ఎముకలాయనకు ఫోన్ చేశాను.

"మీ డాక్టరు నాకంటే పెద్దోడు. ఆపాలంటే ఆయన చెప్పాల. నర్సు చెప్తే నిలిపేది ఎట్లమ్మా?"

చర్మం డాక్టరు ఫోనే ఎత్తలేదు. నేను మాత్రం రాసింది రాసినట్టు ఇస్తూ పోయాను.

వారం తిరిగేసరికి ఒక పొద్దున ఈరప్ప భార్య రామలక్ష్మమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"పండ్లు తోముకుంటే నెత్తురు వస్తాండాది. దొడ్డికి కూడా నల్లగా పోతాండాడు. ఏమన్నా భయమా తల్లీ?"

"ఇంతమంది డాక్టర్లు చూస్తాంటే నీకు భయమేమే?" అన్నాడు ఈరప్ప మంచం మీదనుంచి, దర్జాగా.

నల్లగా పోతోందంటే కడుపులో రక్తం కారుతున్నట్టే. నాకు ఒళ్ళు మండింది. ఎర్ర సిరాతో ఆ రెండు మందులూ అడ్డంగా కొట్టేసి, మా డాక్టర్ని లాక్కొచ్చాను. రక్తం ఎక్కించారు. అప్పటికే ఆలస్యమైంది. మధ్యాహ్నానికి ఈరప్ప పోయాడు.

ఆయన దినాలు అయిన వారానికి నాకు మెమో ఇచ్చారు. డాక్టర్లు రాసిన మందుల్ని ఏ అధికారంతో కొట్టేశానో చెప్పాలట. నేను జవాబు రాస్తుంటే రామలక్ష్మమ్మ వచ్చింది, వార్డులో మిగిలిపోయిన దుప్పట్ల మూట కోసం. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఒక్క పూట కూడా తప్పనీకుండా ఈ చేతుల్తో మాత్రలు మింగించినావు తల్లీ. ఆయప్ప రాత బాగలేక పోయినాడు గానీ, కన్నబిడ్డయినా ఇంత చూసుకోదు."

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. ఆమె మూట పట్టుకొని ఆటోదాకా వెళ్ళాను.