తలుపు, కిటికీ, మనిషి తీసేసిన లెక్క

ఆదివారం ఉదయం పదిన్నరకి మిషనక్క నడుం బిగించి, కొలిచే టేపుతో స్టూలెక్కింది. వీధిలో సగంమందికి బట్టలు కుట్టిపెట్టే ఆమెకి ఆ పేరు ఏనాడో స్థిరపడిపోయింది. తమ్ముడి భార్యకి ఏడో నెల. తల్లీబిడ్డలకి వీధివైపు గది కావాలి. ఇన్నాళ్ళూ అందులో మిషనక్క మంచం, కుట్టుమిషను ఉండేవి. ఎవరూ అడక్కముందే వీధి చివర ఒక అద్దెగది చూసుకుని, శుక్రవారం సాయంత్రమే వాటిని అక్కడికి చేరవేసింది. ఇక మిగిలింది ఒక్కటే పని. గదికి రంగు వేసి, పూర్తిచేశాకే ఇల్లు వదిలి గడప దాటతానని దేవుడి ముందు అనుకుంది. ఆమె ఒకటి అనుకున్నాక కదిలించడం ఎవరి తరమూ కాదు.

"అమ్మా, టేపు ఆ చివర పట్టుకో."

తల్లి పట్టుకుంది, పట్టుకోవాలి కాబట్టి.

పొడవూ వెడల్పూ కలిపి, రెండింతలు చేసి, ఎత్తుతో గుణిస్తే నాలుగు గోడలూ వస్తాయి. తలుపూ కిటికీ తీసెయ్యాలి. రంగు రెండుసార్లు వేస్తారు గనక మళ్ళీ రెండింతలు చెయ్యాలి. ఇది ఏ ఇంట్లోనైనా ఉండే లెక్కే. ఈ ఇంట్లో ఇంకో లెక్క కూడా ఉండేది. మనిషి వస్తే ఆ మనిషికి పట్టేంత గోడ వెనక్కి జరుగుతుంది, మనిషి పోతే దగ్గరకి వస్తుంది. తమ్ముడి పెళ్ళయిన వారంలో వంటగది మూరెడు పెరిగింది. తాతగారు పోయాక వెనకగది తగ్గింది. పక్కింటివాళ్ళు ఏనాడూ తగువుకి రాలేదు, వాళ్ళ గది అంగుళం కూడా కదల్లేదు మరి. పసిబిడ్డకి మాత్రం గోడ ముందు జానెడే ఇస్తుంది. జానెడులో ఉయ్యాల ఎక్కడ పడుతుందన్నదే మిషనక్క దిగులు.

"నేను పోతే ఉయ్యాలకి పట్టేంత వదిలి గోడ ఎలాగూ దగ్గరకి వస్తుంది. తగ్గిపోయే గోడకి రంగెందుకు దండగ?" అనుకుని తలుపు తీసేసింది, కిటికీ తీసేసింది, తననీ తీసేసింది.

రంగుల కొట్టువాడు ఈ ఇంటివాళ్ళని లీటర్లు అడగడు. "ఎంతమందికక్కా?" అన్నాడు.

"ఒకరు తక్కువకి ఇవ్వు."

మొదటిసారి గదంతా ఆగకుండా వేసింది. అది ఆరాక రెండోసారి తలుపు దగ్గర మొదలుపెట్టి, మూడు గోడలు చుట్టి వీధివైపు గోడ సగానికి వచ్చేసరికి డబ్బా అడుగు కనిపించింది.

"వదినా, గోడ ఇంకా జరగలేదు!" మరదలు గుమ్మంలోంచి తొంగిచూసింది.

"జరుగుతుంది. ఆ వాసన నీకు పడదు, అవతలికి వెళ్ళు."

"దానికి చెప్పావా వెళ్తున్నానని?"

"తెలీదూ? మంచం పోయింది, మిషను పోయింది."

డబ్బా గీరింది. మూత గీరింది. నీళ్ళు కలిపితే రంగు చారలు చారలుగా కారింది.

"అక్కా, ఇక నాకడం ఒక్కటే తరువాయి," అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకో."

మిషనక్క కిందికి దిగి, రెండు అరచేతులూ గోడకి ఆనించి, "జరుగు," అంది. గోడా ఆ ఇంటిదే, దానికీ పంతముంది. రంగు చాలక వెలవెలబోతున్న ఆ ముక్క అలాగే నిలబడింది. మిషనక్క చాచిన చేత్తో జానలు జానలుగా కొలిచింది. ఒక మంచం, పక్కన ఒక మిషను, మధ్యలో కాలు పెట్టేంత సందు. కొలిచిన చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

తల్లి నెమ్మదిగా వచ్చి పక్కన నిలుచుంది. "తాతగారు పోయాక గోడ ఎప్పుడు జరిగిందో గుర్తుందా?"

"ఆర్నెల్లకి."

"ఆయన మంచినీళ్ళ గ్లాసు నేను తీసి లోపల పెట్టిన రోజు. పోయేవాళ్ళు పోతే సరిపోదే పిచ్చిదానా. ఉన్నవాళ్ళు వదలాలి. నేను వదల్లేదు."

"నేనూ వదల్లేదు," అంది మరదలు, వాసన సంగతి మర్చిపోయి లోపలికి వచ్చేస్తూ. "గది నేనడిగానా వదినా? నువ్వే ఇచ్చేశావు. వద్దంటే కోపమొస్తుందని నోరు మూసుకున్నా. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే వీధి చివరికి పరిగెత్తనా?"

తమ్ముడు నిచ్చెన ఇంకా వదల్లేదు. "నన్నొక్కసారి అడిగితే కదా చెప్పడానికి!"

"పని పూర్తయ్యాకే గడప దాటతానని దేవుడి ముందు అన్నానే అమ్మా," అంది మిషనక్క. "ఇదిలా సగంలో..."

"విన్నాడు. నీకంటే బాగానే విన్నాడు," అంది తల్లి.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు మిషను బండెక్కించి, అద్దెగది తాళంచెవి ఇచ్చేసి, మంచం నెత్తిన పెట్టుకొచ్చాడు. మరదలు పాతబట్టల్లో మెత్తనివి ఏరి, చిన్న చొక్కాలకని విడిగా పెట్టింది. తల్లి టేపు చివర పట్టుకుంది, ఈసారి గట్టిగా. మిషనక్క లెక్క మళ్ళీ మొదటినుంచి వేసింది. తలుపు తీసేసింది. కిటికీ తీసేసింది. అక్కడితో ఆపేసి కొట్టుకి బయల్దేరింది.

"ఎంతమందికక్కా?"

"ఉన్నవాళ్ళం నలుగురం, రాబోయేవాళ్ళు ఒకరు," అంది. "ఎవర్నీ తగ్గించకు."