పదిహేడు మెట్లు

భద్రు రెండు చేతుల మీద పాకుతూ ఐదో మెట్టు దాకా వెళ్ళి, వెనక్కి జారాడు. పైనుంచి కాంపౌండర్ అతని పేరు మూడుసార్లు పిలిచి 'హాజరు కాలేదు' అని రాసుకున్నాడు. సూర్యాపేటలో వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపును మేడ మీద పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన మోకాళ్ళకు పూలదండ వేయాలి.

అప్పుడు నాకు జాలి కలగలేదు. కుళ్ళు పుట్టింది. రెండు కాళ్ళూ లేనివాడు, పైకి చేరితే వంద శాతం ఖాయం కదా! వైకల్యం నలభై శాతం ఉంటేనే పింఛను. మిర్యాలగూడ రైస్ మిల్లు బెల్టులో నా ఎడమచేతి వేళ్ళు నాలుగు పోయాయి. "చొక్కా గుండీలు ఎవరు పెట్టిండ్రు?" అని డాక్టర్ అడిగితే ఛాతీ విరిచి, "నేనే సార్, ఒంటి చేత్తో, పది సెకండ్లల్ల" అన్నాను. ముప్పై ఎనిమిది వేశాడు.

అదే మిల్లులో మోకాలు నలిగిన జమ్లీ, పళ్ళు బిగబట్టి పదిహేడు మెట్లూ ఎక్కింది. ఎక్కగలిగింది కదా అని ముప్పై తొమ్మిది. నాకంటే ఒకటి ఎక్కువ! నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోదాడ కృష్ణమూర్తిదీ అలాంటి మోకాలే. కొడుకులు కుర్చీలో మోసుకెళ్ళారు. అరవై! ఆ అరవై గుర్తొస్తే నాకు అన్నం దిగేది కాదు. ఎవరికెంత వచ్చిందో నాగార్జునసాగర్ దాకా నాకు కంఠస్థం. మా అమ్మ పుట్టినరోజు మాత్రం తెలియదు.

కోర్టులో ఉచితంగా కేసులు చూసే హిమజ అనే వకీలు ఉందని తెలిసి నేనూ జమ్లీ వెళ్ళాం. ఒకరికి తెలియకుండా ఒకరం. వరండాలో దొరికిపోయాం.

"నువ్వెందుకొచ్చినవ్‌రా జితేందర్?" అంది జమ్లీ, కాగితం కొంగు కింద దాస్తూ.

"జిరాక్స్ కోసం."

"వకీలమ్మ కాడ జిరాక్సా?"

హిమజ మేడమ్ నవ్వలేదు. "వికలాంగులకు వకీలు ఫీజు ఉండదు, చట్టంలనే ఉంది. అప్పీలు వేస్త. కానీ ఒక్కొక్కరు పోతే ఒక్కొక్క మాట చెప్పి పంపిస్తరు. ఎవరికెంత ఇచ్చిండ్రు, ఎవరెట్ల పైకి పోయిండ్రు, అందరిదీ లిస్టు కావాలె. ఎవరన్న రాసి పెట్టిండ్రా?"

"రాయలే మేడమ్. ఏడుపుతోని యాదికుంది."

నలభై ఒక్క పేర్లు ఆగకుండా చెప్పాను. ఆమె రాసింది. చూస్తే ఎక్కినవాళ్ళంతా నలభైకి లోపు. ఎక్కలేనివాళ్ళంతా 'హాజరు కాలేదు'. మోసేవాళ్ళున్నవాళ్ళకే పింఛను. ఇన్నాళ్ళూ పక్కవాడి కాలు చూసి ఏడ్చాను, మెట్లను చూసి ఏడవాల్సింది.

కృష్ణమూర్తికి ఫోన్ చేశాం. "నా కాగితం పెడితే నాది కూడా కొట్టేస్తారేమోనండీ" అని నసిగాడు.

జమ్లీ ఫోన్ లాక్కుంది. "నీది గుంజుకుంటలేం పెద్దాయనా. నీ అసొంటి మోకాలే నాది. నాకూ ఇయ్యాలె అంటున్నం."

మర్నాడు పొద్దున బస్సుకే కాగితంతో దిగాడు.

అందరి తరఫునా వేసిన అప్పీలు మీద మళ్ళీ పరీక్షకు పిలిచారు. అదే మేడ, అవే మెట్లు. పింఛను వచ్చినవాళ్ళూ తోడొచ్చారు; నలభై ఒక్కమందిమీ మెట్ల కింద కూర్చున్నాం. గంటకు పెద్ద డాక్టర్ పైనుంచి తొంగి చూశాడు. "జితేందర్! నీకు కాళ్ళు మంచిగనే ఉన్నయ్ గద. నువ్వు రా. నీది ఇయ్యాల్నే యాభై చేసి పంపిస్త."

నలభై మంది నా వైపు తిరిగారు. ఆ చూపు నాకు కొత్త కాదు, రోజూ అద్దంలో చూసిందే. లేచాను. మొదటి మెట్టు దాకా వెళ్ళాను. దాని మీద కూర్చున్నాను.

"టేబుల్ కిందికి దించుండ్రి సార్. దానికి నాలుగు కాళ్ళున్నయ్ గద!"

పోలీసులొచ్చారు. "అందరు వ్యాన్ ఎక్కుండ్రి!"

"ఎక్కనొస్తే ఆ పైకే పోతుంటిమి గద సారూ" అంది జమ్లీ. "నీ వ్యాన్ మాకెందుకు?"

వాళ్ళు వ్యాన్ మెట్టును చూశారు, భద్రును చూశారు, చివరికి నా కాలర్ పట్టుకున్నారు. నన్ను తోస్తుంటే వెనక నుంచి భద్రు అరిచాడు: "వాన్ని ఒక్కన్నేనా? మేమేం తక్కువ? మమ్మల్ని గూడ ఎత్తుండ్రి!"

"మమ్మల్ని గూడ!" అన్నాయి నలభై గొంతులు. పుట్టి బుద్ధెరిగాక అందరూ నన్ను చూసి కుళ్ళుకోవడం అదే మొదలు.

వ్యాన్ కదిలింది. జాలీలోంచి చూశాను. నలుగురు కాంపౌండర్లు చెమటలు కక్కుతూ టేబుల్‌ను మెట్లు దించుతున్నారు. భద్రు ఇంకా ఎవరూ పేరు పిలవకముందే చెయ్యెత్తి అరిచాడు:

"హాజర్ సార్!"