అత్తగారు వద్దన్న పరుగు

కోడలికి పరుగు మీద ప్రేమేమీ లేదు. లాండ్రీ షాపులో రోజంతా నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషికి సాయంత్రమయ్యేసరికి కుర్చీ మీదే ప్రేమ. అయితే ఒకరోజు భోజనాల దగ్గర, ఊళ్లో మారథాన్ జరగబోతోందని తన కూతురు చెబుతుంటే, తనూ పరుగెత్తితే ఎలా ఉంటుందోనని కోడలు నోరు జారింది. అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే, నీవల్ల ఎక్కడవుతుంది, ఊరుకో అన్నారు. అంతే. మర్నాడు కోడలు వెళ్లి పేరిచ్చేసి వచ్చింది.

వాళ్లిద్దరి మధ్యా పగలూ ద్వేషాలూ ఏమీ లేవు. ఒకరి మాట ఒకరు వినరు, అంతకు మించి ఇంకేం లేదు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినపడుతుంది. ఆవిడ కిటికీ మూయమంటే కోడలు రెండో కిటికీ కూడా తెరుస్తుంది. నీలం కర్టెన్లు తెమ్మంటే పసుపువి తెస్తుంది. కోడలి మొగుడు సైన్‌బోర్డులు రాసే పెయింటరు. పెళ్లయిన నాటినుంచీ ఎటూ మొగ్గకుండా, గొడవ మొదలైనప్పుడల్లా బ్రష్షులు కడగడానికి వెళ్లిపోతూ కాపురం నెట్టుకొస్తున్నాడు.

మొదటి పొద్దున కోడలు వీధి మలుపు దాకా పరుగెత్తి, అక్కడున్న పోస్టుడబ్బాను కావలించుకుని నిలబడిపోయింది. వెనకే సైకిల్ మీద వచ్చిన కూతురు, ఉత్తరం వేస్తున్నావా అమ్మా అనడిగింది. అయినా మానలేదు. పోస్టుడబ్బా దాటి పార్కు, పార్కు దాటి రైల్వే గేటు, అలా నెలలు గడిచాయి. బూట్ల కంపుతో ఇల్లంతా పాడవుతోందని అత్తగారు రోజూ సణిగేవారు. మేజోళ్లు మాత్రం ఎవరు ఉతికేవారో గానీ, పొద్దున్నకల్లా ఆరి, మడతపెట్టి ఉండేవి.

మారథాన్ రోజు మొగుడు తన పనితనమంతా చూపించాడు. "ఇక దగ్గరే" అని ఎర్రటి అక్షరాలతో ఇంత బోర్డు రాసి, సందుల్లోంచి అడ్డదారిన పోతూ ప్రతి మలుపులోనూ ఎదురయ్యాడు. పరుగు మొదలై కాస్సేపు కూడా కాకముందే ఆ బోర్డు చూసి, కోడలి పక్కన పరుగెత్తుతున్న పెద్దాయన నిజమేననుకుని ఉత్సాహంగా ముందుకు దూకాడు. మూడోసారి అదే బోర్డు కనపడేసరికి మొగుణ్ణి ఆయన తిట్టిన తిట్లు కోడలు హాయిగా విని, విననట్టు సాగిపోయింది. కూతురు సైకిల్ మీద వచ్చి అరటిపండ్లు అందించింది.

అసలు కష్టం ముప్పయ్యో కిలోమీటరు దాటాక, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వచ్చింది. తొడలు రాళ్లయిపోయాయి. బుర్రలో ఒక్కటే ఆలోచన: పరువు పోకుండా ఆగిపోవడమెలా? మోకాలు పట్టేసిందంటే ఎవరేమంటారు? అలా అనుకుని కోడలు కుంటడం మొదలుపెట్టింది. కాసేపు ఎడమకాలు కుంటింది, తర్వాత మరిచిపోయి కుడికాలు కుంటింది.

ఫ్లైఓవర్ పైన, గొడుగు కింద, మడతకుర్చీలో అత్తగారు కూర్చుని ఉన్నారు. పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఇంట్లోని మెత్తటి దిండు కూడా ఉంది.

"రా అమ్మాయ్, కూర్చో," అన్నారావిడ ఎంతో ప్రేమగా. "నీవల్ల కాదని నేను ముందే చెప్పాను. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? కింద టాక్సీ కూడా ఆపి ఉంచాను."

కోడలు ఆ దిండు వైపు చూసింది. జన్మలో ఏ వస్తువునీ అంత ఆశగా చూసి ఉండదు. తర్వాత అత్తగారి ముఖం చూసింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా. అలిసిపోయినట్టున్నారు," అని ముందుకు కదిలింది. అప్పటికి ఆమె రెండు కాళ్లలో ఏదీ కుంటడం లేదు.

చాలామంది వెళ్లిపోయాక, దారికి కట్టిన తాళ్లు విప్పుతున్న వేళకి కోడలు ముగింపు గీత దాటింది. మొగుడు బోర్డు కింద పడేసి, రంగు చేతులతోనే కళ్లు తుడుచుకుని ముఖమంతా ఎర్రగా చేసుకున్నాడు. కూతురికి మాత్రం నవ్వాగలేదు. అమ్మ మెడలో పతకం పడగానే గుట్టు విప్పేసింది. ఫ్లైఓవర్ దగ్గర అమ్మ ఆగిపోతుందేమోనని నాన్న బెంగపడుతుంటే, ఆ చోటు నాకొదిలెయ్ అన్నదట నానమ్మ. పరుగెత్తమంటే కూర్చుంటుంది, కూర్చోమంటే పరుగెత్తుతుంది, దాని సంగతి నాకు తెలుసు అన్నదట.

అంతలో అత్తగారు టాక్సీ దిగి, కుర్చీలు చంకన పెట్టుకుని వచ్చారు. కోడలికి కోపం తెచ్చుకోవాలనిపించింది, ఓపిక లేకపోయింది.

"నేను నిజంగానే కూర్చునేసి ఉంటే?" అనడిగింది.

"కూర్చునేదానివి. పడిపోకుండా గట్టి కుర్చీయే తెచ్చాగా," అన్నారు అత్తగారు.

వాళ్లుండేది మూడో అంతస్తులో. కోడలు మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కో మెట్టే పైకి జరిగింది. కింది వాటాలవాళ్లు తలుపులు తీసి చూశారు. మొగుడూ కూతురూ సామానుతో ముందు వెళ్లిపోయారు. రెండో అంతస్తు దగ్గర ఇక కదల్లేక గోడకి చేరగిలబడిపోయింది. అత్తగారు కింది మెట్టు మీద చతికిలబడి, ఆమె పాదాన్ని ఒళ్లోకి లాక్కుని బూటు తాడు విప్పసాగారు.

"వద్దత్తయ్యా, కంపు కొడుతున్నాయి."

"తెలుసులే, నా ముక్కు బాగానే పనిచేస్తోంది," అంటూ ఆవిడ మేజోడు లాగి, నల్లబడ్డ బొటనవేలి గోరును అటూ ఇటూ తిప్పి చూశారు. ఊడిపోతుందని తేల్చి, ఆ వేలి మీద మెల్లగా ఊదడం మొదలుపెట్టారు.