రేకుకు అంటిన మాడు

భట్టీలోంచి ఆఖరి రొట్టెల రేకు బయటికి లాగేసరికి ప్రభుదాసు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పొడుగు కర్ర పారను గోడకు ఆనించి, భుజమ్మీది తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే భట్టీ, ఇదే సెగ. మోచేతుల మీద వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి. వనపర్తిలో పొద్దున్నే చాయ్‌లో బన్ను ముంచుకునేవాళ్లలో సగం మంది ఆయన చేతి బన్నే తింటారు గానీ ఆయన ముఖం ఎరిగినవాళ్లు తక్కువ. భట్టీ ముందు నిలబడేవాడి బతుకు అంతే మరి.

మైదా బస్తా జరపబోయి మధ్యలో ఆగిపోయాడు. ఎడమ రెక్క కింద ఎవరో పిడికిలి బిగించినట్టయింది. బస్తా మీదే చెయ్యి ఆనించి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఏమైంది దాసన్నా?" గల్లా దగ్గరినుంచి సాబిర్ అడిగాడు. బేకరీ వాళ్ల నాయనది. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు.

"ఏం లేదు భాయ్. గ్యాసు."

"జర దవాఖానకు పోయి చూపించుకో."

"పోత తియ్."

పోడని ఇద్దరికీ తెలుసు.

హైదరాబాదు నుంచి కొత్త రేకులు దిగాయి. పాతవి మూలన కుప్పగా పడి పాత సామాన్లవాడి కోసం చూస్తున్నాయి. ప్రభుదాసు వాటిని కెలికి, లోతుగా ఉండి ఒక అంచు వంగిన రేకును ఏరి తీశాడు.

"భాయ్, ఇదొకటి తీస్కపోనా?"

"తీస్కపో. దేనికి?"

అబద్ధం చెప్పొచ్చు. కోళ్లకు నీళ్లు పెట్టడానికి అంటే సరిపోయేది. కానీ ముప్ఫై ఏళ్లు ఒకే ఇంటి ఉప్పు తిన్నవాడికి నోరు రాలేదు.

"పంది కూర, ఆలుగడ్డలు ఏసి కాలుస్త భాయ్. ఇంటికాడనే. మా ఆమె అడిగి ఉండె."

సాబిర్ రొట్టెలు సర్దసాగాడు. దాసన్న భార్య బాలనాగమ్మ పోయి రెండేళ్లు దాటిందని ఆయనకు తెలియనిది కాదు. మట్టి చేసినప్పుడు పక్కన నిలబడ్డవాడే.

"తీస్కపో అన్నా," అన్నాడు చివరికి. "మల్ల మాత్రం ఇటు తేకు."

"తెస్తనా ఏంది."

"సాయంత్రం బిస్కట్ల పనికి రా. మరువకు."

ప్రభుదాసు రేకును సైకిలు వెనక తాడుతో కట్టుకున్నాడు.

పెళ్లికి ముందు బాలనాగమ్మ మిషన్ బంగ్లా వంటింట్లో గిన్నెలు తోమేది. ఆదివారం వచ్చిందంటే అక్కడి దొరసాని పంది మాంసం, ఆలుగడ్డ బిళ్లలు వరసలు వరసలుగా పేర్చి, మిరియాల పొడి చల్లి, మీద మీగడ పోసి, ఇనుప పెట్టెలో కాల్పించేది. కూర బల్ల మీదికి పోయేది. రేకు అంచుకు అంటిన మాడు తోముడు రాయి దగ్గరికి వచ్చేది. చెంచాతో ఆ మాడు గీక్కుని తినడం కోసమే పనికి పోయేదాన్నని బాలనాగమ్మ నవ్వేది. కాపురంలో ఆ మాడు గురించి చెప్పినన్నిసార్లు ఆమె కన్నతల్లి గురించి కూడా చెప్పలేదు.

"భట్టీ కాడ పనిజేస్తవు, ఒక్కనాడన్న కాల్చుకరావైతివి" అని దెప్పేది.

"సాయిబుల భట్టీల పందినెట్ల పెడ్తనే?"

"ఇంటికాడ పెట్టు. నిప్పుకు కరువొచ్చిందా?"

నిప్పుకు కరువు రాలేదు. రోజంతా నిప్పు ముందు నిలబడి వచ్చినవాడికి ఇంటిదగ్గర మళ్లీ నిప్పు ముందు కూర్చోబుద్ధి కాలేదు, అంతే. చివరికి కామెర్లతో దవాఖానలో పడ్డప్పుడు కూడా ఆమె అదే అడిగింది. కొవ్వు తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. మంచిగైనంక చేస్తానన్నాడు ప్రభుదాసు. ఆమె మంచిగ కాలేదు.

ఆమె పోయిన మూడోనాడు ప్రభుదాసు పాస్టరును పిలిచి ప్రార్థన పెట్టించాడు. ఆమె తమ్ముడు కిష్టయ్య మాత్రం పుట్టింటి ఆచారం విడవనన్నాడు. గోరీ దగ్గర విస్తరి వేసి అన్నం, వేటకూర, గుడ్డు, కల్లు పెట్టి పిట్ట కోసం కూర్చున్నాడు. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. కాకులు వచ్చాయి. విస్తరి చుట్టూ నడిచాయి. ఒక్కటీ ముక్కు పెట్టలేదు.

"పిట్ట ముట్టలే బావా," అన్నాడు కిష్టయ్య. "ఏందో కోరిక మీదనే పోయింది మా అక్క."

అవన్నీ ఉత్తవని ప్రభుదాసు కొట్టిపారేశాడు. నోటితో కొట్టిపారేసినంత తేలిగ్గా మనసులోంచి పోదు కదా. ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పొయ్యి రాజెయ్యని ఇంట్లో కొవ్వు మాడిన వాసన. చెంచాతో రేకు గీకుతున్న చప్పుడు. లేచి చూస్తే గిన్నెలన్నీ బోర్లించి ఉండేవి. పిల్లి అనుకున్నాడు, ఎలుక అనుకున్నాడు. పాస్టరు వచ్చి ప్రార్థన చేసిపోయాడు గానీ చప్పుడు పోలేదు. ఆయనకు భయం వేయలేదు. ఆకలిగొన్న మనిషి ఎదుట కంచం పెట్టుకున్నట్టు సిగ్గు వేసింది. ఇంట్లో ముద్ద ముట్టడమే మానేశాడు. భట్టీ దగ్గరే రెండు బన్నులు చాయ్‌లో నానేసుకుని తిని, ఇంటికి పడుకోవడానికి పోయేవాడు.

రేకు ఇంటికి తెచ్చుకున్న ఆ రోజు పెత్రమాస. పెద్దలకు పెట్టుకునే రోజు కాబట్టి ఊరి చివర భీమయ్య పొద్దున్నే పందిని కోశాడు.

"నువ్వు చర్చికి పోయెటోనివి గద దాసన్నా, పెత్రమాస నీకేంది?"

"కూర తినాలంటె పండుగ గావాల్నా? కొవ్వున్న ముక్కలియ్యి. మాడాలె."

పెరట్లో ఇటుకలు పేర్చి కట్టెలు కాల్చాడు. మంట దిగి నిప్పులయ్యేలోపు మాంసం ఉప్పూ పసుపూ వేసి ఉడకబెట్టాడు. ఆలుగడ్డలు బిళ్లలుగా కోశాడు. ఒక వరస మాంసం, ఒక వరస ఆలుగడ్డ, మధ్యన ఉల్లిగడ్డ, మిరియాలు. మీద గిన్నెడు మీగడ. రేకును నిప్పుల మీద ఇటుకలకెత్తి, నీళ్ల డ్రమ్ము మూత బోర్లించి, ఆ మూత మీద కూడా నిప్పులు పోశాడు. కింద సెగ, పైన సెగ. భట్టీ అంటే ఇంతకన్నా ఏముంది? ఇంత చిన్న పని ఇన్నేళ్లు చేయలేదే అని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొగ అనుకోవడానికి అక్కడ పొగ కూడా లేదు.

మూత తీసేసరికి పైన ఎర్రగా పొక్కులు వచ్చాయి. అంచుల వెంట కొవ్వు నల్లగా మాడి రేకును కరుచుకుంది. రెండేళ్లుగా ఇంట్లో తిరిగిన వాసన ఇదే. ఈసారి అది ఎక్కడినుంచి వస్తోందో ఆయనకు తెలుసు.

గరిటెతో నడిమికి గీత గీశాడు. ఒక సగం ఆమెది. రేకును బట్టలుతికే బండ మీద పెట్టి, గోడకానుకుని కూర్చున్నాడు.

కాకి రాలేదు. వాడ వాడంతా మిద్దెల మీద అన్నాలు, గారెలు, కూరలు పెట్టిన రోజు. పెత్రమాస నాడు కాకులకు కూడా అజీర్తి చేస్తుంది. కరెంటు తీగ మీద ఒకటి వాలి కిందికి చూసింది. ప్రభుదాసు ఊపిరి బిగబట్టాడు. అది మెడ తిప్పుకుని కదలకుండా కూర్చుంది. పొద్దు వాలింది. కూర చల్లారింది. రెక్క కింద పిడికిలి మళ్లీ బిగుసుకుంది.

"ఇంకేం గావాలనే నీకు?" అన్నాడు. "అడిగిందే చేస్తి గద."

అప్పుడు గుర్తొచ్చింది. ఆయన తినకముందు బాలనాగమ్మ ఏనాడూ ముద్ద ముట్టలేదు. జ్వరమొచ్చినా, ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా, ఇదే గోడకానుకుని కూర్చునేది. తిని పడుకోరాదా అంటే, "నువ్వు తింటెనే నాకు దిగుతది" అనేది. మూడోనాడు గోరీ దగ్గర ఆమెకు అన్నీ పెట్టారు. పస్తుతో దూరంగా నిలబడ్డ మొగుణ్ణి తిన్నావా అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆయన తిన్నదే లేదు. రెండేళ్లుగా ఆమె ఆకలితో కూర్చుంది తన కోసమే.

ప్రభుదాసు చేతులు కడుక్కుని, అలవాటు చొప్పున కళ్లు మూసి ప్రార్థన చేసి, రేకు ఒళ్లోకి తీసుకున్నాడు. తన సగంలోంచి తిన్నాడు. ఆలుగడ్డ మెత్తగా విడిపోయింది. చివరన ఒక మాడు పెచ్చు గీకి నోట్లో వేసుకున్నాడు. చేదు, ఉప్పు, తియ్యదనం ఒక్కసారే తగిలాయి. ఓసి దీని కోసమా అనుకుని నవ్వాడు. రేకును మళ్లీ బండ మీద పెట్టాడు.

"తిన్ననే," అన్నాడు. "ఇగ తిను."

తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెక్కల చప్పుడైంది. ఆ తర్వాత రేకును గీకుతున్న చప్పుడు. కళ్లు తెరిస్తే లేచిపోతుందేమోనని తెరవలేదు.

బిస్కట్ల వేళ దాటిపోతే సాబిర్ స్కూటరు మీద వచ్చాడు. బయటినుంచి రెండుసార్లు పిలిచి లోపలికి నడిచాడు. గోడకానుకున్న మనిషి చెయ్యి పట్టుకుని చూసి, పట్టుకున్న చెయ్యి వదలకుండా పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. వాడవాళ్లు వచ్చారు. కబురందుకుని కిష్టయ్య వచ్చాడు. స్నానం చేయించడానికి బండ కావాలని భీమయ్య రేకును ఎత్తి దూరంగా విసరబోయాడు.

"ఆగు," అన్నాడు సాబిర్. "గోడ మీద పెట్టు. దాన్ని ఎవ్వరు పారెయ్యకుండ్రి."

భీమయ్య రేకును గోడ మీద పెట్టాడు. ఒక సగంలో మనిషి వేళ్ల జాడలున్నాయి. రెండో సగంలో కూర పెట్టింది పెట్టినట్టే ఉంది గానీ, అంచు పొడవునా మాడు ఒక్క పెచ్చు కూడా మిగలకుండా పోయి, కింది రేకు తెల్లగా తేలి ఉంది.